నల్ల తుమ్మ చేవలో బెజ్జం తొలచడం ఎలా?

ఎడ్లబండికీ నాగలికీ మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో నల్ల తుమ్మను వాడింది దాని చేవను, అంటే నడిమి గట్టి చెక్కను చూసే. ఇప్పుడు ఆ కర్రతో దర్వాజ చట్రాలు చేయించుకునేవారు ఉన్నారు కాని, పని టేకుకు అలవాటైన చేతులతోనే సాగుతోంది. ఉలి అంచు విరగడం, బెజ్జం (ఇంకో కర్ర కొస దిగే రంధ్రం) అంచులు పెచ్చులుగా లేవడం, ఆ సందుల్లో రంపపు పొట్టును జిగురుతో కలిపి మెత్తడం ఎన్ని ఇళ్లలో చూశానో లెక్క లేదు.

అర అంగుళం ఉలి, కొయ్య సుత్తి, మూలమట్టం, సాన, ఉలి కంటే సన్నని బిట్టు ఉన్న డ్రిల్లు చాలు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. కర్ర అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడన ఆరి ఉండాలి. పురుగు ముందుగా పట్టేది చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కనే కాబట్టి, దాన్ని మొత్తం చెక్కేయాలి.

ఉలి అంచును టేకుకు 25 డిగ్రీల వాలుతో సాన పట్టినా నడుస్తుంది. తుమ్మకు 30 నుంచి 35 ఉండాలి. మిషను చక్రం మీద పట్టేటప్పుడు అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు మెత్తబడిందని అర్థం, ఆ భాగం అరగదీసేదాకా పదును నిలవదు. అందుకే నేను చివరి పదును నీళ్ల సాన మీదే పెడతాను, మీరూ అలాగే పెట్టండి.

బెజ్జం కొలతను రెండు ముఖాల మీదా గీసి, గీతల మధ్య వరుసగా రంధ్రాలు వేయండి. డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, మాటిమాటికీ బయటకు తీసి పొట్టు దులపాలి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి. మొదటి దెబ్బ గీత మీద వేయకూడదు. గీతకు నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) వాసి లోపల, నారకు అడ్డంగా ఉలిని నిలువుగా పెట్టి, తేలికగా రెండు దెబ్బలు వేసి, ఆ కోతలోకి ఎదురుగా వాలుగా కొట్టి పలచని పెచ్చు తీయాలి. ఒక్కో పెచ్చు గోరు మందం దాటకూడదు. మందపు పెచ్చును లేపడానికి ఉలిని గునపంలా మీటుతారు చూడండి, అంచు విరిగేది అప్పుడే. తుమ్మ లొంగదు, ఉలే లొంగుతుంది. సగం లోతు రాగానే కర్రను తిప్పి రెండో ముఖం నుంచి రావాలి. ఒకే వైపు నుంచి అవతలికి దించితే అడుగు ముఖం చీలిపోతుంది. పది పదిహేను పెచ్చులకొకసారి ఉలిని సాన మీద నాలుగు రుద్దులు రుద్దండి. గీత మీద చివరి కోతకు సుత్తి అక్కర్లేదు, అరచేతి బలమే చాలు.

రౌటరుతో, అంటే తిరిగే బిట్టుతో చెక్కే కరెంటు మిషనుతో, ఇది నిమిషాల పని అంటారు. మొద్దుబారిన బిట్టు వేడెక్కి బెజ్జం గోడలను నల్లగా కాల్చిన చట్రాన్ని నేనే విప్పాను. కాలిన పొరకు జిగురు పట్టదు.

కుసి, అంటే బెజ్జంలో దిగే కర్ర కొస, సగం దాకా చేతితోనే దిగాలి, మిగతాది తేలిక దెబ్బలతో పోవాలి. టేకులా ఈ చెక్క నొక్కుకుపోదు, బలవంతపెడితే చట్రమే చీలుతుంది. సుత్తి శబ్దం బిగుసుకున్నట్టు మారగానే కుసిని వెనక్కి తీసి, వెలుగులో తిప్పి, ఒరిపిడికి మెరిసిన చోట మాత్రమే ఉలితో గీకి మళ్లీ దించండి.