భయపెడుతూ నవ్వించే జంతువుల కథలను పెద్దయ్యాక మళ్లీ చదవడం ఎలా?

చిన్నప్పుడు మనల్ని ఒకవైపు భయపెడుతూ మరోవైపు నవ్వించిన జంతువుల కథను మళ్లీ చేతికి తీసుకున్నప్పుడు, మొదటిసారి ఎక్కడా ఆగి తప్పొప్పులు ఎంచకుండా చివరిదాకా చదివేయాలి. ఇవి చాలావరకు చిన్న పుస్తకాలే కనుక ఒక సాయంత్రం సరిపోతుంది.

రెండోసారి చదివేటప్పుడు కథ ఎవరి నోట వింటున్నామో గమనించాలి, ఎందుకంటే ఈ తరహా కథల్లోని కిటుకంతా అక్కడే ఉంటుందని నా నమ్మకం. డెబొరా హౌ, జేమ్స్ హౌ దంపతులు రాయగా 1979లో అమెరికాలో వెలువడిన 'బనిక్యులా'లో కథ చెప్పేది హెరాల్డ్ అనే కుక్క. ఇంటికి కొత్తగా వచ్చిన కుందేలు రక్తపిశాచి అని చెస్టర్ అనే పిల్లికి గట్టి అనుమానం. వంటింట్లో రసమంతా పోయి తెల్లగా పాలిపోయిన టమాటా కనిపించే ఘట్టం దగ్గర కాస్త నిలవండి. చదివిన పుస్తకాలన్నీ తలకెక్కి ప్రతిదానిలోనూ కీడు వెతికే పిల్లి, తిండి మీది ధ్యాస వదలని కుక్క, కూరగాయలకు ఏదో తెగులు తగిలిందని సరిపెట్టుకునే మనుషులు, ఇలా ఒకే వస్తువును ఎవరి స్వభావం కొద్దీ వారు చూడడంలోనే భయమూ నవ్వూ కలిసి పుడుతున్నాయని అక్కడ తెలుస్తుంది. అలా భయం నవ్వుగా మారే వాక్యాల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుని, వాటిని పైకి చదివి చూడండి.

ఆ తర్వాత మన జాలి ఎవరి వైపు మొగ్గుతోందో చూసుకోవాలి. చిన్నతనంలో గుట్టు విప్పాలని తాపత్రయపడే పిల్లి వెంట మనమూ ఉత్సాహంగా పరుగెత్తుతాం. పెద్దయ్యాక మాత్రం, రక్తపిశాచులకు పడదంటారని ఆ పిల్లి వెల్లుల్లి పెట్టి తిండికి అడ్డుపడడం వల్ల ఆకలితో నీరసించిపోతున్న కుందేలు దగ్గరే మనసు ఆగిపోతుంది, మాట రాని ఆ ప్రాణి తన పక్షం ఎన్నడూ చెప్పుకోలేదన్న సంగతి తడుతుంది. ఈ మార్పును తోసిపుచ్చకండి, మళ్లీ చదవడం వల్ల దక్కే అసలు ఫలం ఇదే.

రచయితల జీవిత విశేషాలను రెండో పఠనం ముగిశాకే చూడడం మేలు. డెబొరా 1978లోనే, ఈ పుస్తకం అచ్చులో రాకముందే కన్నుమూశారని ముందే తెలిస్తే నవ్వవలసిన చోట నవ్వలేకపోవచ్చు. వీలుంటే 'బనిక్యులా' పేరుకు మూలమైన, 1897 నాటి రక్తపిశాచి నవల 'డ్రాక్యులా'లో తొలి అధ్యాయాలు చదివి, ఆ వెంటనే కుందేలు కథలో మీరు గీత పెట్టుకున్న చోట్లకు తిరిగి వెళ్లండి. పక్కన పిల్లలుంటే వారికి ఏ హాస్యాన్నీ విడమరచి చెప్పకుండా, వారు ఎక్కడ నవ్వుతున్నారో మాత్రమే గుర్తుపెట్టుకోండి.