అంబాసిడర్‌కు కొత్త షాకులు, అల్లాయ్‌లు, డిస్క్ బ్రేకులు వేశాక వచ్చే తిప్పలు: లక్షణం నుంచి మూలం దాకా

హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ ఆపింది 2014 మేలో. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, మన విశాఖలో చెట్ల కింద ఆపిన బండ్లు ఎన్నో నలిగిపోయాయి. మిగిలినవాటిని కాపాడుకుంటున్నవాళ్లం ఒరిజినల్ సామాను దొరక్క బయటి కంపెనీల షాకులు (గుంతల కుదుపును మింగేవి), అల్లాయ్ చక్రాలు (అల్యూమినియం మిశ్రమంవి), డిస్క్ కిట్లు (పాత డ్రమ్ము బ్రేకుల బదులు వేసేవి) బిగిస్తున్నాం. నా దగ్గరున్నది నాన్నగారి 1986 మార్క్ 4. దాని మీద ఈ మూడూ వేశాను, మూడింటితోనూ ఇబ్బంది పడ్డాను. నాకు తెలిసొచ్చింది ఒకటే: బిగించిన కొత్త భాగంలో లోపం ఉండటం అరుదు. అది పక్కనున్న పాత భాగంతో పొత్తు కుదరకపోవడం వల్లే నూటికి తొంభై తిప్పలు. కాబట్టి లక్షణం కనపడగానే కొత్తదాన్ని విప్పేయకండి, అది ఎక్కడ పాతదాన్ని తాకుతోందో అక్కడ వెతకండి.

పని మొదలెట్టే ముందే నాలుగు చక్రాల దగ్గరా హబ్బు (చక్రం బిగించే ఇరుసు ముఖం) మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో కూడా రాయండి. తర్వాత "బండి వంగింది" అనిపించినప్పుడు వాదన లేకుండా తేల్చేది ఆ కాగితమే. ఇంకో మాట. మూడూ ఒకే వారంలో వేయకండి. ఒకటి వేసి, రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, ఆ తర్వాత రెండోది వేయండి. అన్నీ కలిపి వేస్తే ఏ లక్షణం దేని వల్లో ఎవరూ చెప్పలేరు.

బ్రేకు పట్టి వదలడం లేదు

డిస్కులు వేసిన వారానికి భీమిలి వెళ్లొస్తున్నాను. రుషికొండ దాటేసరికి బండి ఇసుకలో నడుస్తున్నట్టు బరువెక్కింది. గేరు న్యూట్రల్ చేస్తే దొర్లకుండా ఆగిపోతోంది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, అల్లాయ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. అరగంట ఆగాక తనంతట తనే వదిలింది. నేను కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు) జామ్ అయ్యాయనుకున్నాను. కంచరపాలెంలో పాత మేస్త్రీ ఒకాయన ఫోన్లో చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "కాలిపరు మీద చెయ్యెయ్యకండి బాబూ. పట్టేసినప్పుడు ముందు బ్లీడరు ఇప్పండి. ఆయిలు చిమ్మి చక్రం వదిలిందా, తప్పు పైనుంది. చిమ్మకపోతే తప్పు కిందుంది."

బ్లీడరంటే కాలిపరు మీద ఆయిలు, గాలి బయటికి వదిలే చిన్న మర. పైనంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిలును తోసేది), హోసుల వైపు. కిందంటే కాలిపరు. ఈ పరీక్షను వరసగా చేయాలి. బండి పట్టేసిన స్థితిలోనే, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీ మీద ముందు చక్రం లేపండి. బ్లీడరు ఇప్పండి. ఆయిలు చిమ్మకుండా చక్రం అలాగే బిగిసి ఉంటే కాలిపర్ పిస్టన్ గానీ, స్లైడ్ పిన్నులు గానీ తుప్పుతో పట్టేశాయి. చిమ్మి వదిలితే, బ్లీడరు మూసేసి బ్రేకు మళ్లీ పట్టేలా చేసి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి యూనియన్ వదులు చేయండి. అక్కడ వదులు చేయగానే చక్రం తిరిగితే తప్పు మాస్టర్ సిలిండర్‌లో లేదా పెడల్‌లో. అక్కడ వదిలినా చక్రం తిరక్కపోతే మధ్యలో రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయింది. బయటికి నిగనిగలాడుతూ కనిపిస్తుంది, లోపల మాత్రం ఆయిలును పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. హోసులు పాతవైతే కిట్‌తో పాటే మార్చేయడం మేలు.

నాకు యూనియన్ దగ్గర వదిలింది. అంటే మాస్టర్. అక్కడ రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, డ్రమ్ములకు చేసిన మాస్టర్ సిలిండర్‌లో పైపుల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చెక్ వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు బలమైనవి కాబట్టి ఆ ఒత్తిడి ఇబ్బంది పెట్టదు. డిస్కుకు అలాంటి స్ప్రింగు లేదు, ఆ కాస్త ఒత్తిడితోనే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ ఉంటాయి. ముందు డిస్కులకు వెళ్లే లైనులో ఆ వాల్వ్ ఉండకూడదు. రెండోది, నా బండిలో ఉన్నది: పెడల్ నుంచి పిస్టన్‌ను తోసే పుష్‌రాడ్ కొత్త మాస్టర్‌కు కాస్త పొడుగైంది. పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిలు ట్యాంకులోకి తిరిగే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఆయిలు వ్యాకోచించి, పోయే దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది. ఇంకా వేడి, ఇంకా నొక్కుడు. చల్లారితే వదిలేస్తుంది. నేను పుష్‌రాడ్ లాక్‌నట్ వదులు చేసి, రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వచ్చేలా తిప్పాను. బ్రేకు ఆయిలు ట్యాంకు మూత తీసి, పెడల్‌ను వేలితో కొంచెం నొక్కి వదిలితే ఆయిలులో చిన్న బుడగ పైకి లేచింది. ఆ బుడగ కనిపించిందంటే రంధ్రం తెరుచుకున్నట్టే. రుషికొండ దగ్గర అంత భయపెట్టిన జబ్బుకు మందు పుష్‌రాడ్‌ను కాస్త తిప్పడమే.

పెడల్ లోతుకు పోతోంది, లేదా రాయిలా ఉంది

మెత్తగా, స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి ఉంది. ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (బ్లీడరు తెరిచి గాలి తీసినా) పోకపోతే కాలిపర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించారేమో చూడండి. బ్లీడరు పైవైపు ఉండాలి. కిందకు తిరిగి ఉంటే పైన చేరిన గాలి ఎప్పటికీ రాదు.

మెత్తగా లేదు కానీ చాలా లోతుకు పోయాకే పట్టుకుంటోందా? కాలిపర్ పిస్టన్లు పెద్దవి, డ్రమ్ సిలిండర్ల కంటే ఎక్కువ ఆయిలు అడుగుతాయి. పాత మాస్టర్ బోరు (లోపలి వ్యాసం) చిన్నదైతే అంత ఆయిలు తోయలేదు. దీనికి పెద్ద బోరు మాస్టర్ వేయాలి. అయితే మరీ పెద్దది వేస్తే కాలికి అంతా బరువే. డ్రమ్ముల్లో షూలు చక్రం తిరిగే వేగంతో తామే బిగుసుకుంటాయి, డిస్కులో ఆ సాయం లేదు కాబట్టి బూస్టర్ (వాక్యూమ్‌తో కాలి నొక్కుకు సాయం చేసేది) లేకుండా డిస్కు వేస్తే పెడల్ రాయిలాగే అనిపిస్తుంది. డీజిల్ బండి ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. డీజిల్ ఇంజను మానిఫోల్డ్‌లో బూస్టర్‌కు చాలినంత వాక్యూమ్ ఉండదు, విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి. అది లేకుండా బూస్టర్ బిగించి "పనిచేయడం లేదు" అనేవాళ్లను చూశాను.

రాత్రంతా ఆపి పొద్దున తీస్తే మొదటి నొక్కు లోతుకు పోయి, రెండో నొక్కుకు సరవుతోందంటే, మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద, కాలిపర్ల కంటే దిగువన ఉందేమో చూడండి. ఆయిలు నెమ్మదిగా వెనక్కి జారిపోతుంది. అలాంటి బండికి మాత్రం డిస్కు లైనులో 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వ్, అంటే లైనులో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వ్, పెట్టాలి. పైన వద్దన్న వాల్వ్ ఇక్కడ ఎందుకని అడగొచ్చు. డ్రమ్ముల వాల్వ్ 10 పీఎస్ఐ దాకా నిలుపుతుంది, ఇది ఆయిలు జారకుండా ఆపేంత మాత్రమే.

సింహాచలం దిగుతుంటే బ్రేకు జారిపోయింది

కొండ దిగేటప్పుడు మొదట బాగా పట్టి, నాలుగో మలుపుకు పెడల్ పట్టు లేకుండా కిందకు పోతే ఆయిలు మరిగి ఆవిరైనట్టు. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, డాట్ 4 అయితే 230. తేమ పీల్చుకున్నాక అవే 140కి, 155కి పడిపోవచ్చు. సముద్రపు గాలిలో తేమకు కరవు లేదు కాబట్టి నేను ఏటా వర్షాలు తగ్గాక ఆయిలు మొత్తం మారుస్తాను. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిలు, పేరు దగ్గరగా ఉందని దాన్ని వీటిలో కలపకండి. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు, షూలు వేడెక్కి పట్టు తప్పడం. రెండింటికీ దారిలో మందు ఒక్కటే. దిగడానికి ముందే తక్కువ గేరు వేసుకుని, ఇంజను మీద దిగడం. అరకు ఘాట్‌లో అయితే ఇది తప్పదు, సుమారు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగుతున్నాం.

బ్రేకు వేస్తే తోక తిప్పుతోంది

ముందు డిస్కులు వేసి వెనక డ్రమ్ములు అలాగే ఉంచితే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు పోయి వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి. తడి రోడ్డు మీద ఇది ప్రాణాంతకం. వెనక లైనులో సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టి, ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో, పక్కన ఒకరిని నిలబెట్టి చూడమని చెప్పి, ముందు చక్రాలే ముందు లాక్ అయ్యేదాకా సర్దండి. కుడికో ఎడమకో లాగుతుంటే అది వేరే సంగతి: ఒకవైపు ప్యాడ్ల మీద గ్రీజో ఆయిలో పడి ఉంటుంది, లేదా ఒక పిస్టన్ బిగిసింది.

అరవై, ఎనభై మధ్య స్టీరింగ్ వణుకుతోంది

అల్లాయ్‌లు వేసిన వెంటనే మొదలైతే బ్యాలెన్సింగ్ మాత్రమే అనుకోకండి. నాలుగుసార్లు బ్యాలెన్స్ చేయించి డబ్బు పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నాను. అల్లాయ్ మధ్య రంధ్రం మన హబ్బు కంటే పెద్దది. చక్రాన్ని మధ్యలో నిలపాల్సిన పని నట్ల మీదే పడుతుంది. రెండింటి మధ్య ఖాళీ కొలిచి హబ్ రింగు వేయించండి. లేత్ మెషీన్ ఉన్న షాపులో అల్యూమినియంతో చేసిస్తారు. తర్వాత నట్లు చూడండి. స్టీలు చక్రం నట్టు సీటు (నట్టు ఆనే వాలు) కోణం, అల్లాయ్ సీటు కోణం వేరైతే నట్టు అంచు మీదే కూర్చుంటుంది. విప్పి చూస్తే సీటులో చుట్టూ మెరుపు కాకుండా ఒకచోట గీతలా కనిపిస్తుంది. అలాంటి చక్రం నడుస్తూనే వదులవుతుంది. అల్లాయ్ మందం వల్ల స్టడ్డు (హబ్బు మీద నట్టు ఎక్కే బోల్టు) పొట్టిదైతే కూడా ప్రమాదమే, స్టడ్డు ఎంత లావో కనీసం అంత లోతు మర నట్టులో పట్టాలి.

ఇంకా పీసీడీ, అంటే స్టడ్ల మధ్యల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. ఐదు స్టడ్ల హబ్బుకు పక్కపక్క స్టడ్ల మధ్య దూరం కొలవండి, మధ్య నుంచి మధ్యకు. దాన్ని 0.588తో భాగిస్తే పీసీడీ. 114.3 అయితే ఆ దూరం 67.2 మిల్లీమీటర్లు, 112 అయితే 65.8. తేడా 1.4 మిల్లీమీటర్లే. అందుకే 112 చక్రం బలవంతంగా ఎక్కేస్తుంది, ఎక్కింది కదా అని బిగిస్తారు, ఆ వణుకు జన్మలో పోదు. కొత్త చక్రాలు వేసిన 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ టార్క్ పానాతో బిగించండి.

తిరిగే వేగాన్ని బట్టి టిక్ టిక్ మని వినిపిస్తే చక్రం విప్పి లోపలి వైపు చూడండి. నా దాంట్లో రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్సింగ్ ముక్క కాలిపరుకు తగిలి, ఒక మూల అద్దంలా అరిగిపోయి ఉంది. కాలిపరుకూ రిమ్ముకూ మధ్య 3 మిల్లీమీటర్లయినా ఉండాలి, ముక్క మందం తీసేశాక కూడా.

స్పీడోమీటరు తప్పు చూపిస్తోందంటే టైరు ఎత్తు మారింది. 185/65 ఆర్15 టైరు ఎత్తు 621 మిల్లీమీటర్ల చిల్లర. మీ పాత టైరు 660 ఉండేదనుకుంటే, ముల్లు 60 చూపినప్పుడు అసలు వేగం 56 పైచిలుకు మాత్రమే.

గుంతలో పడితే దభేల్‌మంటోంది

కొత్త టెలిస్కోపిక్ షాకు (గొట్టంలో గొట్టం జారే రకం) పొడవు కుదరలేదు. బంప్ రబ్బరు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే ముక్క) తగలకముందే షాకు పూర్తిగా మూసుకుపోతోంది. గాజువాక వైపు లారీలు తిరిగే రోడ్ల మీద నాలుగు రోజుల్లో బ్రాకెట్ విరుగుతుంది. బండి నేల మీద ఉన్నప్పుడు షాకు ప్రయాణం పైకీ కిందికీ దాదాపు సగం సగం ఉండాలి, బంప్ రబ్బరు తగిలే వేళకు షాకులో ఇంకా కొంత మిగలాలి. కుదరకపోతే బ్రాకెట్ మార్చండి. చాసిస్ కోయకండి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదని 2021 నిబంధనల్లో ఉంది. ఇవాళ కోసింది రేపు అక్కడ అడ్డు తగులుతుంది.

లీవరు రకం షాకే పై ఆర్మ్‌గా (చక్రం పైభాగాన్ని పట్టుకునే చెయ్యిగా) పనిచేసే పాత బండ్లకు టెలిస్కోపిక్ అదనంగా పెట్టినప్పుడు, "ఇక దీంతో పనేముంది" అని లీవరు షాకులో ఆయిలు తీసేస్తుంటారు. దాని షాఫ్టుకు ఆ ఆయిలే తడి. తీసేస్తే షాఫ్టు అరిగి చక్రం పైభాగం ఊగుతుంది.

ముందు ఒకవైపు వంగిందంటే టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ). అవి ఒక దిక్కుకే మెలి తిరగడానికి తయారైనవి, ఎడమ కుడి మార్చి వేస్తే కుంగుతాయి, విరగనూవచ్చు. విప్పినప్పుడే పెయింటుతో గుర్తు పెట్టండి. బార్ మీద ఉలి గీత గానీ వెల్డింగు చుక్క గానీ పడనివ్వకండి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ఎత్తు తగ్గించాలని లీవరును స్ప్లైన్ల (కడ్డీ చివరి పళ్ల) మీద మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. మరీ కిందికి దించితే స్టీరింగ్ ర్యాక్‌కూ ఆర్ములకూ కోణం చెడి, గుంతల్లో బండి తనంతట తనే పక్కకు తిరుగుతుంది.

కొత్త బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) రెండు నెలలకే చిరిగాయా? జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. రబ్బరు ఆ స్థితిలో అతుక్కుపోయి, బండి దించగానే మెలి తిరిగే ఉంటుంది. వెనక కమాన్ కట్టల షాకిల్ బుష్‌లకైనా ముందు ఆర్ములకైనా పద్ధతి ఇదే: బోల్టులు వేళ్లతో వేసి, బండిని చక్రాల మీద దించి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు తోసి, అప్పుడు బిగించండి.

చక్రం ఊడి రావడం లేదు

నట్లన్నీ తీసినా అల్లాయ్ హబ్బుకు అతుక్కుపోతే ఉప్పుగాలి పని. అల్యూమినియం, ఇనుము కలిసిన చోట ఉప్పు తేమ చేరి తెల్లటి బూడిద పేరుకుంటుంది. సుత్తితో కొట్టకండి, రిమ్ము పగులుతుంది. నట్లు తిరిగి వేసి, అన్నిటినీ అర చుట్టు మాత్రమే వదులుగా ఉంచి, బండిని నేల మీద నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదపండి. టప్ మని వదులుతుంది. వెంటనే ఆపి, నట్లు పూర్తిగా తీసి, హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో తోమి, యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయండి. స్టడ్ల మీద, నట్ల సీటు మీద మాత్రం పడనివ్వకండి. బీచ్ రోడ్డులో తిరిగిన రోజు ఇంటికొచ్చాక కింద నుంచి మంచినీళ్లతో కడగండి, బ్రేకు పైపుల మీద, చక్రాల లోపలి వైపు ముందు.