ఫిబ్రవరి, మార్చిలో గోదారి డెల్టాలో పక్షులు చూడాలంటే

వలస పక్షులనగానే అందరూ డిసెంబర్, సంక్రాంతి సెలవులే అనుకుంటారు. నన్నడిగితే శివరాత్రి టైమ్‌కి బయల్దేరమంటాను. చలికాలమంతా బూడిదరంగులో ఒకేలా కనిపించిన పిట్టలు, ఉత్తరాదికి వెళ్ళే ముందు రంగులు మార్చుకునేది ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి చివరిదాకానే, ఏప్రిల్ సగానికి వచ్చేసరికి చాలావరకు వెళ్ళిపోతాయి కూడా.

కొత్తవాళ్ళైతే సీగల్స్‌తో మొదలుపెట్టండి. కాకినాడ చేపల రేవులో బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్తే అవే దగ్గరికొస్తాయి. ఎక్కువగా కనిపించేది గోధుమతల సీగల్. చలికాలంలో దీని తల తెల్లగా, కంటి వెనక ఒక్క నల్లమచ్చతో ఉంటుంది. ఇప్పుడు ఒక్కోదాన్నీ విడిగా చూడండి: ఒకదానికి ఇంకా ఆ మచ్చే, ఇంకోదానికి ముఖమంతా మసి పూసినట్టు అక్కడక్కడా, మూడోదానికి మెడదాకా పూర్తి గోధుమరంగు, చుట్టూ ముదురు అంచు. ఒకే గుంపులో ఈ దశలన్నీ దొరుకుతాయి. ఎగిరినప్పుడు రెక్క చివర నలుపు, ఆ నలుపులో తెల్ల చుక్క ఉంటే అదే. ఇవి గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర. మార్చిలో అక్కడ చాలా సరస్సులు ఇంకా గడ్డకట్టే ఉంటాయి, అందుకే తయారైపోయి కూడా ఇంకొన్నాళ్ళు మన దగ్గరే ఆగుతాయి. గుంపులో బాగా పెద్దది, లావు పసుపు ముక్కుతో, తల నల్లగా ఉన్నది కనిపిస్తే అది పల్లాస్ గల్, దానికి రంగు ఇంకా ముందే వచ్చేస్తుంది.

బురద మేటల మీద తిరిగే ఉల్లంకి పిట్టలకైతే గడియారం చూసి లాభం లేదు, పోటు చూడాలి. నీళ్ళు బాగా తీసేసినప్పుడు వెళ్తే అవి కిలోమీటరు అవతల చుక్కల్లా ఉంటాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరుకుని ఒకచోట కూర్చోండి, నీళ్ళు పెరిగేకొద్దీ మేట మునిగి పిట్టలు వాటంతటవే మీవైపు జరుగుతాయి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్ళు ఎక్కువ పైకి వస్తాయి కాబట్టి ఆ రోజులు ఇంకా మంచివి. మా వైపు చేపల వేటకెళ్ళేవాళ్ళని అడిగితే ఏ పూట ఎప్పుడు పోటో ఠక్కున చెప్పేస్తారు. ఇవే మేటల మీద తిరిగే బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ అనే పిట్ట మెడ ఇటుక రంగులోకి తిరగడం, శాండ్ ప్లవర్ ఛాతీ ఎర్రబడడం ఈ రోజుల్లోనే చూస్తారు.

తూర్పు తీరం కదా, ఉదయం సముద్రం వైపు చూస్తే ఎండ కళ్ళల్లో పడి పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి. రంగులు చూడాలంటే ఒడ్డుకి సాయంత్రం వెళ్ళండి, పొద్దున పూట కోరింగ మడ అడవులకి పెట్టుకోండి. అక్కడ పాయల పక్కన కొమ్మల మీద నల్లటోపీ లకుముకి కోసం చూడండి: ఊదా నీలం వీపు, పగడం లాంటి ముక్కు, ఒకసారి చూస్తే మర్చిపోరు. బోటు నడిచేదీ లేనిదీ నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది, అటవీశాఖ వాళ్ళని ముందే కనుక్కోండి.

డెల్టా లోపల దాళ్వా (రెండో పంట వరి) చేలల్లో పసుపు జిట్టంగులు తిరుగుతుంటాయి. అంతకన్నా బాగుండేది పట్టుబడి అయి నీళ్ళు తోడేసిన చేపల చెరువు, రెండు మూడు రోజులపాటు కొంగలన్నీ అక్కడే. రైతుని అడిగి గట్టు మీదకెళ్ళండి, అడక్కుండా దిగొద్దు.

కొల్లేరు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్లని) చూపించి సైబీరియా పక్షులంటారు. కాదండి. అవి ఇక్కడే గూళ్ళు కట్టి పిల్లల్ని లేపేవి, మన పక్షులే. దూరం నుంచి వచ్చినవి కావాలంటే నీళ్ళ మీద సూదితోక బాతుల్ని వెతకండి.

బైనాక్యులర్స్ 8x42 చాలు. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 12 రెట్లు, 20 రెట్లు అని అమ్మేవి చేతిలో వణుకుతాయి, కొనొద్దు. వాలి ఉన్న గుంపుని ఫోటో కోసం లేపొద్దు, దూరప్రయాణానికి ఒంట్లో కొవ్వు పోగేసుకునే రోజులివి, ఊరికే ఎగిరితే అదంతా కరిగిపోతుంది.

కాళ్ళ వైపు కూడా ఓ చూపు వెయ్యండి. పక్షుల రాకపోకలు తెలుసుకోడానికి పరిశోధకులు తొడిగిన రంగు ప్లాస్టిక్ జెండా ముక్క ఉంటే ఏ కాలు, పైన ఏ రంగు, కింద ఏ రంగు, అక్షరాలేమిటి అన్నది అక్కడికక్కడే రాసుకోండి. ఎక్కడ తొడిగారో ఆ రంగుల్ని బట్టే తెలుస్తుంది. ఫోటోతో సహా ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి, మిగతా లిస్టు ఈబర్డ్‌లో (చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించేటప్పుడు సీగల్స్‌లో ఎన్నిటికి తల రంగు తిరిగిందో కూడా రాయండి.