కారు అద్దాలపై పేరుకున్న బోరు నీటి మరకలను తొలగించే విధానం

హైదరాబాదు శివార్లలోని అపార్ట్‌మెంట్లలో బోరు నీటితో కడిగే కార్లను దగ్గరగా చూస్తే, చాలావాటి అద్దాలపై చిన్న చిన్న తెల్లని వలయాలు కనిపిస్తాయి. పగటిపూట వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల హెడ్‌లైట్ల వెలుతురు ఆ వలయాల మీద పడి చెదిరినప్పుడు మాత్రం రోడ్డంతా మసకబారుతుంది. అందుకే ఈ మరకలను తొలగించడాన్ని నేను ముందుగా భద్రతకు సంబంధించిన పనిగా భావిస్తాను.

బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఎండకు కాగిన అద్దం మీద నీటిచుక్క ఆవిరైపోయినా, అందులోని లవణాలు అక్కడే నిలిచిపోతాయి. వాటిలో ముఖ్యమైనది కాల్షియం కార్బనేటు, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లని పెచ్చు కూడా ఇదే. తాగునీటి కాఠిన్యం, అంటే నీటిలో ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అనేక బోర్ల నీరు ఈ మొదటి హద్దును ఎప్పుడో దాటిపోయింది. ఈ మరక జిడ్డు కాదు గనుక షాంపూతో ఎంత రుద్దినా కరగదు. దానిని కరిగించేది తేలికపాటి ఆమ్లం, దానికి ఇవ్వవలసింది కొంత సమయం.

పని మొదలుపెట్టే ముందు మరక ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలి. అద్దాన్ని షాంపూ నీటితో కడిగి, దుమ్ము, ఇసుక పూర్తిగా పోయాక ఆరబెట్టి, పలుచని పాలిథీన్ కవరును చేతికి తొడుక్కుని వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. గరుకుగా తగిలితే పొర అద్దం మీదే ఉన్నదని అర్థం, అది కరుగుతుంది. నున్నగా ఉండి కూడా మరక కనిపిస్తుంటే అద్దం ఉపరితలమే కొంత దెబ్బతిన్నదని గ్రహించాలి. అటువంటి మచ్చకు ఆమ్లం పనిచేయదు, పాలిష్ అవసరమవుతుంది.

గరుకుగా ఉన్న మరకలకు కిరాణా దుకాణంలో దొరికే తెల్ల వెనిగర్ సరిపోతుంది. వెనిగర్, నీరు సమపాళ్లలో కలపండి. వెనిగర్ వాసన గిట్టనివారు అర లీటరు నీటిలో 20 నుంచి 25 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కరిగించి వాడవచ్చు. రెండింటికీ ఆర్.ఓ. నీరే వాడటం మంచిది, ఎందుకంటే బోరు నీటిలోని లవణాలు ఆ ఆమ్లాన్ని కొంత ముందే ఖర్చు చేసేస్తాయి. నిమ్మరసంలోనూ ఇదే ఆమ్లం ఉన్నా, దానిలోని గుజ్జు, చక్కెర అద్దానికి జిగటగా అంటుకుంటాయి కాబట్టి నేను దానిని సిఫారసు చేయను.

ఈ పనిని ఉదయం పూట, నీడలో, అద్దం చల్లగా ఉన్నప్పుడే చేయాలి. పక్క అద్దాలు నిలువుగా ఉండటం వల్ల ద్రావణం స్ప్రే చేసిన వెంటనే కిందికి జారిపోతుంది, మరకను తాకే వ్యవధే ఉండదు. చాలామంది వెనిగర్ పనిచేయలేదని నిరాశపడేది ఇక్కడే. టిష్యూ పేపర్లను ద్రావణంలో ముంచి, మరకలున్న చోట అద్దానికి అతికించి, 10 నిమిషాల పాటు అవి ఎండిపోకుండా మధ్యమధ్య తడుపుతూ ఉండండి. తరువాత వాటిని తీసివేసి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో రుద్ది, ధారాళంగా నీటితో కడిగి, వెంటనే పొడిగా తుడవండి. పాతబడిన మరకలకు ఇదే పనిని రెండు మూడు దఫాలుగా చేయవలసి రావచ్చు. ద్రావణం బాడీ రంగు మీద, క్రోమ్ పట్టీల మీద పడితే అక్కడే ఆరనివ్వకుండా కడిగివేయాలి.

వెనిగర్‌లో వంట సోడా కలిపి వాడమనే చిట్కా విస్తృతంగా ప్రచారంలో ఉంది. కానీ సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండింటినీ కలిపితే నురగ వచ్చి ఒకదాని శక్తిని మరొకటి హరించుకుంటాయి, మరకను కరిగించే ఆమ్లం మిగలదు. బాత్‌రూమ్ టైల్స్ కడిగే యాసిడ్‌ను మాత్రం కారు దగ్గరికి కూడా తేవద్దు. అది సున్నపు పొరను క్షణాల్లో కరిగించే మాట నిజమే అయినా, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, అద్దం చుట్టూ ఉన్న లోహపు పట్టీలను, క్రోమ్‌ను తినివేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు, బ్లేడు కూడా వద్దు. వాటి వల్ల పడే గీత అద్దం ఉన్నంతకాలం ఉంటుంది.

ఆమ్లంతో పోని మచ్చలకు సీరియం ఆక్సైడు ఉన్న గ్లాస్ పాలిష్ వాడాలి. పొడి రూపంలో తెచ్చుకుంటే ముక్కుకు మాస్కు కట్టుకుని, నీటిలో పలుచని ముద్దగా కలిపి, రబ్బరు అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, ఫెల్ట్ ప్యాడ్‌తో, అంటే మెత్తని ఉన్ని దిండు వంటి ప్యాడ్‌తో, చిన్న భాగాలుగా రుద్దండి. ముద్ద ఎండిపోకుండా నీరు చల్లుతూ ఉండాలి. ముందు అద్దం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పాలిష్ చేసే యంత్రంతో ఒకేచోట ఎక్కువసేపు రుద్దితే అద్దం వేడెక్కుతుంది, ఆ చోట ఉపరితలం అసమంగా అరిగి దృశ్యం వంకరగా కనిపించే ప్రమాదం ఉంది. డ్రైవరు చూపు పడే భాగంలో లోతైన మచ్చలుంటే, ఆ పనిని అనుభవజ్ఞులైన డీటెయిలింగ్ (కార్లకు మెరుగుపెట్టే) పనివారికి అప్పగించడమే సరైనది.

సెల్లార్ పార్కింగ్‌లో స్లాబు నుంచి కారే నీటిచుక్కల గురించి విడిగా చెప్పాలి. కాంక్రీటులోంచి ఊరి వచ్చే ఆ నీరు సిమెంటులోని సున్నాన్ని మోసుకొస్తుంది. అది బోరు నీటికన్నా ఎక్కువ క్షారగుణం కలిగి, గట్టి పెచ్చుగా మారి, రోజుల తరబడి వదిలేస్తే అద్దాన్నీ రంగునూ కూడా దెబ్బతీస్తుంది. అటువంటి చుక్క కనిపించిన రోజే వెనిగర్ ద్రావణంతో తొలగించి బాగా కడగండి. కారు ఆపే స్థలాన్ని మార్చుకోవడమో, స్లాబుకు మరమ్మతు చేయించమని అసోసియేషన్‌ను కోరడమో తప్ప దీనికి శాశ్వత మార్గం లేదు.

మరకలు మళ్లీ రాకుండా ఉండాలంటే కడిగే పద్ధతి మారాలి. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో ఎందరో దానితోనే కార్లు కడుగుతున్నారు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ అందులోకే చేరతాయి కాబట్టి అది అసలు బోరు నీటికన్నా కఠినంగా ఉంటుంది. దానిని నేల కడగడానికి వాడండి, అద్దాలకు వద్దు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ నీటిని శుభ్రమైన బకెట్లో పట్టి, గుడ్డతో వడగట్టి, చివరిసారి అద్దాల మీద పోయడానికి ఉపయోగించుకోవచ్చు. బోరు నీరు తప్ప గత్యంతరం లేనివారు కారంతా ఒకేసారి తడపకుండా, ఒక్కొక్క అద్దాన్ని కడిగి, చుక్కలు ఆరకముందే తుడిచి, ఆ తరువాతే రెండో అద్దానికి వెళ్లాలి. కారు కడిగే పనివారికి కూడా ఈ సంగతి వివరంగా చెప్పి, ఒక పొడి మైక్రోఫైబర్ గుడ్డను వారి చేతికివ్వండి. వైపర్ ట్యాంకులో సైతం బోరు నీరు పోయకండి, లవణాలు పేరుకుంటే సన్నని నాజిల్ రంధ్రాలు మూసుకుపోతాయి.