ఇంటి గోడలకు మ్యాట్ ఫినిష్ వేయించుకోవడం ఎలా?

పెయింట్ షాపులో "మ్యాటా, షీనా?" అని అడిగితే చాలామంది మెరిసేదే ఇమ్మంటారు. మెరుపు ఉంటేనే ఖరీదైన పని అనిపిస్తుంది మరి. మ్యాట్ అంటే మెరుపు లేని ఫినిష్ అని మాత్రమే అర్థం, చవకరకం అని కాదు.

రెండింటి తేడా ఒకేచోట చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్లండి. బయటి గోడల ఎర్ర ఇసుకరాయి మ్యాట్. చూరు కింద నిలబడ్డ మదనిక శిల్పాల నల్లరాయి గ్లాసీ, అంటే మెరిసేది. గరుకు రాయి వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, సానపట్టిన రాయి ఒకే వైపుకు తిప్పికొడుతుంది. పెయింట్‌లోనూ ఇదే సంగతి. మ్యాట్‌లో పిగ్మెంట్ పాలు ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే జిగురు పాలు తక్కువ. అందుకే ఆరాక కంటికి ఆననంత గరుకు మిగులుతుంది.

మొదట గోడను పరీక్షించండి. రాత్రి లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చ్‌ను గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. ఎత్తుపల్లాలు, లప్పం గీతలు అన్నీ బయటపడతాయి. హన్మకొండ, కాజీపేటల్లోని పాత ఇళ్లలో ఇలాంటి గోడలు తక్కువేం కాదు. వాటికి మెరిసే పెయింట్ వేస్తే ప్రతి వంకరా రెట్టింపు కనిపిస్తుంది, ముఖ్యంగా కిటికీ పక్క గోడ మీద. సీలింగ్‌కైతే నా మాట మ్యాటే, ఇంకో ఆలోచన వద్దు.

తర్వాత ఎక్కడ వద్దో తేల్చుకోండి. పొయ్యి వెనక గోడ, స్విచ్ బోర్డుల చుట్టూ, పిల్లల చేతులు అందే ఎత్తు, దేవుడి గదిలో దీపం మసి పట్టే చోటు... వీటికి కాస్త షీన్ ఉన్నదే నయం. కడిగితే తట్టుకుంటుంది.

షేడ్ కార్డును నమ్మకండి. ముదురు రంగు మ్యాట్‌లో కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా చిన్న డబ్బా కొని, రెండడుగుల మేర రెండు పూతలు వేసి, పగలొకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి.

ఇక అసలు పని. మ్యాట్ గోడ వంకరలను దాస్తుంది కానీ పెయింటర్ తొందరను దాచదు. ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ తగిలితే పట్టీలు పడతాయి. మన ఎండాకాలంలో పెయింట్ తొందరగా ఆరిపోతుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టమనండి, ఫ్యాన్ ఆపేయండి. ఒక గోడ ఎత్తుకుంటే మూల నుంచి మూల దాకా పూర్తయ్యాకే చాయ్. చివరిసారి రోలర్ లాగడం పైనుంచి కిందికి ఒకే వైపు ఉండాలి. డబ్బాలన్నీ ఒకే బ్యాచ్ నంబర్‌వి తీసుకోండి. వేరు వేరైతే పెద్ద బకెట్లో కలిపేసి వాడండి. అర లీటరు మూత బిగించి దాచుకుంటే తర్వాత పనికొస్తుంది.

మరక పడితే స్క్రబ్బర్ పట్టకండి. గట్టిగా రుద్దిన చోట గరుకు అరిగి, ఆ ముక్క ఒక్కటే నున్నగా మెరుస్తుంది. మరకకన్నా అదే అసహ్యంగా ఉంటుంది. మెత్తటి గుడ్డను సబ్బునీళ్లలో పిండి అద్దండి. కొత్త గోడైతే మూడు నాలుగు వారాల దాకా తడి తగలనివ్వకండి. మరక పోకపోతే దాచిన పెయింట్‌తో పైపైన వేసేయండి, మ్యాట్‌లో అతుకు అంతగా తెలియదు. మెరిసే పెయింట్‌లో దొరకని సుఖం ఇది.

గోడలు కాక, బాత్రూం నేలకు మ్యాట్ టైల్స్ అడగండి. జారడం తగ్గుతుంది, కాకపోతే మురికి పడితే బ్రష్ కావాలి. కరీంనగర్ గ్రానైట్‌లో మెరుపు తక్కువగా కావాలంటే లెదర్ ఫినిష్ అని చెప్పాలి. పెళ్లి ఆల్బమ్‌కు మ్యాట్ షీటైతే చుట్టాలందరి వేలిముద్రలూ అంతగా కనబడవు. దాన్ని పొడిగుడ్డతోనే తుడవండి.