నడవలేనివాళ్లను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లే ఊరి ఆటో: ఏర్పాటు ఎలా

పల్లెల్లో ఆటోలకు కొదవ లేదు. కొదవంతా గడప నుంచి ఆటో దాకా, ఆసుపత్రి గేటు నుంచి ఓపీ దాకా చెయ్యి పట్టుకునే మనిషికే. కాబట్టి బండి కంటే ముందు, తోడు వెళ్లగలిగినవాళ్లను ఇద్దరు ముగ్గురిని ఒప్పించుకోండి.

తర్వాత ఆశా కార్యకర్తతో కలిసి వీధి వీధీ తిరిగి పేర్లు రాయండి. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు చాలు: ఎలా ఎక్కుతారు (తానేనా, ఒకరు పట్టుకోవాలా, వీల్‌చైర్ కావాలా), ఏ ఆసుపత్రికి, ఏ రోజు. డయాలసిస్ వాళ్లను మొదట రాయాలి. సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. అది తప్పితే ప్రాణం మీదికొస్తుంది. బీపీ, షుగర్ చూపించుకునేవాళ్లను ఆ రోజులకే సర్దుకోమని అడగొచ్చు. తిరుపతిలోని రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు మూడూ అలిపిరి రోడ్డు వైపు దగ్గర దగ్గరే కాబట్టి ఒకే బండి సరిపోతుంది. ఇంటి దగ్గర పింఛను ఇచ్చే ఒకటో తేదీన మాత్రం డయాలసిస్ తప్ప వేరే ప్రయాణం పెట్టుకోకండి.

బస్సులో కూర్చోగలిగినవాళ్లకు ఆటో స్టాపు వరకే చాలు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. 60 దాటిన మగవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది. ఇద్దరూ ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

ఆటో మాట్లాడేటప్పుడు లైసెన్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కళ్లారా చూడండి. పర్మిట్‌లో తిరుపతి నగరంలోకి వెళ్లే వీలుందో లేదో చదివించుకోండి. సొంత కారును బాడుగకు తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు చేతికి రాకపోవచ్చు. ఆటోలో ముగ్గురే: ఇద్దరు రోగులు, ఒక తోడు. ఊరు 35 కిలోమీటర్ల దూరమనుకుంటే రానూపోనూ 70. లీటరుకు 25 వచ్చే బండికి 3 లీటర్లు, అంటే సుమారు 300 రూపాయలు. రోజంతా ఆగినందుకు డ్రైవరుతో 700కు మాట్లాడుకుంటే మొత్తం 1,000, ఒక్కో రోగికి 500. తోడు వచ్చేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవద్దు, మళ్లీ రారు. కట్టలేనివాళ్ల బాడుగను ఊళ్లో ఉన్నవాళ్లు ఒక్కో రోజు చొప్పున భరించేలా ముందే పేర్లు రాసుకోండి. డ్రైవరుకు ఏ సాయంత్రానికా సాయంత్రం ఇచ్చెయ్యాలి. బాకీ పెడితే ముహూర్తాల రోజుల్లో పెళ్లి బాడుగకు వెళ్లిపోతాడు. రెండో డ్రైవరు నంబరు కూడా ఉంచుకోండి.

ఇక ఎక్కించడం. దెబ్బలు తగిలేది ఇక్కడే. ఆటోకు చెక్క ర్యాంపు పెట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది, కానీ వద్దు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుంటేనే ర్యాంపు క్షేమం. అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. ఇంటి మెట్టుకు మాత్రం బాగా పనికొస్తుంది: ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల పలక. ఆటోకైతే అరడుగు ఎత్తున్న, కాళ్లు వెడల్పుగా ఉన్న పీట చాలు, కింద పాత ట్యూబు ముక్కలు కొట్టించండి. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి. మనిషిని వెనక్కి తిప్పి, సీటు అంచు పిక్కలకో తొడలకో తగిలాక, తల వంచి కూర్చోమనాలి. ఆ తర్వాతే కాళ్లు ఒక్కొక్కటిగా లోపల పెట్టాలి. ముందుగా కాలు ఎత్తించి లోపలికి లాగితే తల టాపుకు కొట్టుకుంటుంది. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకండి, పక్షవాతం వచ్చిన వైపు భుజం జారిపోవచ్చు. నడుముకు తువ్వాలు గట్టిగా చుట్టి, దాన్ని పట్టుకుని లేపండి. వీల్‌చైర్ నుంచి మారేటప్పుడు బలమున్న వైపు సీటుకు దగ్గరగా రావాలి, చక్రాలకు బ్రేకు వేసి, కాళ్లు పెట్టుకునే రేకులు పైకి మడవాలి. కుర్చీని మడిచి సీటు వెనక రెండు చోట్ల తాడుతో కట్టండి. టాపు మీద వద్దు, గతుకుల్లో ముడి వదులవుతుంది.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఏ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉందో డ్రైవరుకూ తెలియాలి. ఆ చెయ్యి పట్టి లాగకూడదు, దాని మీద సంచి తగిలించకూడదు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అరగంటైనా కూర్చోబెట్టి, నర్సు సరేనన్నాకే బయల్దేరండి. దారిలో సూది గుచ్చిన చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి.

తిరుగు ప్రయాణానికి ఒక్క చోటు, ఒక్క సమయం పొద్దున్నే చెప్పుకోండి. ఫోను లేని అవ్వ జేబుసంచిలో డ్రైవరు నంబరు, ఊరి పేరు రాసిన చీటీ పెట్టండి. పాత ఓపీ కాగితాలు, వాడే మందులు, నీళ్లు, పెరుగన్నం సంచిలో ఉండాలి. పరగడుపున రక్త పరీక్ష ఉంటే, రక్తం తీశాకే తినాలని ముందురోజే చెప్పాలి. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడసేవ నాడు, అలిపిరి వైపు జనం కిక్కిరిసిపోతారు. వాయిదా వెయ్యగలిగినవి వెయ్యండి, డయాలసిస్ అయితే ఒక గంట ముందే కదలండి.

ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఊరి ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.