ఆన్‌లైన్ స్టోర్‌లో షిప్పింగ్ ఆప్షన్లు ఎలా సెట్ చేసుకోవాలి?

సరుకు నచ్చి, కార్ట్‌లో వేసుకుని, అడ్రస్ దాకా టైప్ చేసిన కస్టమర్ చాలాసార్లు షిప్పింగ్ ఛార్జీ కనిపించగానే వెనక్కి వెళ్లిపోతాడు. ఆ భయంతో ఛార్జీ తగ్గించేస్తే ప్రతి పార్సిల్‌కీ కొంత అమ్మేవాళ్లే చేతి నుంచి పెట్టుకోవాలి. తూకం, టేపు ముట్టుకోకుండా నేరుగా సెట్టింగ్స్ తెరిచి ఉజ్జాయింపు అంకెలు నింపితే ఈ రెండు కష్టాల్లో ఏదో ఒకటి తప్పదు. కాబట్టి కంప్యూటర్ పని తర్వాత, ముందు ప్యాకింగ్ టేబుల్ దగ్గర మొదలుపెట్టండి.

1. ప్యాక్ చేసిన సరుకును తూచండి, కొలవండి

తూచాల్సింది పంపడానికి సిద్ధమైన పార్సిల్‌ని, లోపలి వస్తువును కాదు. 300 గ్రాముల పింగాణీ కప్పుకి అట్టపెట్టె 90, బబుల్ ర్యాప్, కాగితం 40, టేపు, లేబుల్ 10 కలిస్తే 440 గ్రాములవుతుంది. 1 గ్రాము తేడా చూపే డిజిటల్ తూకం, మెత్తటి కొలత టేపు ఉంటే ఈ పనికి చాలు.

బరువుతో లెక్క అయిపోదు. కొరియర్ కంపెనీలు పార్సిల్ ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఒక సంఖ్యతో భాగిస్తే కిలోల్లో వచ్చేది వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. ఎక్స్‌ప్రెస్ కొరియర్లలో ఎక్కువగా కనిపించే భాజకం 5000. కొన్ని సర్వీసులకు 4000, కొన్నింటికి 6000 కూడా ఉంటుంది, అది మీ ఒప్పంద పత్రంలో రాసి ఉంటుంది.

పైన చెప్పిన కప్పునే 15 × 15 × 12 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి. 2700ని 5000తో భాగిస్తే 0.54 కిలోలు. అసలు బరువు 440 గ్రాములే అయినా అర కిలో స్లాబ్ (ఒకే రేటు వర్తించే బరువు మెట్టు) దాటిపోయింది, కాబట్టి కిలో రేటు పడుతుంది. పిడి ఉన్న వైపు 15 అవసరం కానీ అవతలి వైపు 13 ఉన్నా బబుల్ ర్యాప్‌కి చోటు మిగులుతుంది. 15 × 13 × 12 అయితే 0.468. పెట్టె వెడల్పు రెండు సెంటీమీటర్లు తగ్గిస్తే ప్రతి పార్సిల్‌కీ ఒక స్లాబ్ మిగిలింది. షిప్పింగ్ ఖర్చు తగ్గించడానికి పెట్టెలు మార్చుకోవడాన్ని మించిన దారి దాదాపు లేదు, రేట్ల మీద బేరం ఆ తర్వాతి మాట.

కొలతలు పెట్టె బయటి వైపు తీసుకోండి. ఎక్కువగా కుక్కడం వల్ల పెట్టె పొట్ట ఉబ్బితే ఆ ఉబ్బును కూడా కలపండి. కొరియర్ గోడౌన్‌లో స్కానర్ కొలిచేది దాన్నే.

మూడు నాలుగు సైజుల పెట్టెలు ఖాయం చేసుకుని, ఒక్కో పెట్టె ఖాళీ బరువు, బయటి కొలతలు రాసి పెట్టుకోండి. తర్వాత ఉత్పత్తుల పేజీలో ప్రతి సరుకుకీ బరువు, కొలతలు నింపండి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు యూనిట్‌ది. స్టోర్ కిలోల్లో ఉన్నప్పుడు 440 అని రాస్తే అది 440 కిలోలు, చెకౌట్‌లో రేటు చుక్కలు తాకుతుంది లేదా అసలు ఏ ఆప్షనూ రాదు. ఖాళీగా వదిలేస్తే సున్నా బరువుగా లెక్కపడి అన్నిటికంటే చవక స్లాబ్‌లో వెళ్లిపోతుంది. ఈ రెండో తప్పు మీద ఏ కస్టమరూ ఫిర్యాదు చేయడు, బిల్లు వచ్చేదాకా బయటపడదు. ఒకే సరుకులో చిన్న, పెద్ద సైజులుంటే బరువు ఒక్కో సైజుకీ విడిగా ఇవ్వాలి. డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్లు, గిఫ్ట్ కార్డుల్లాంటి వాటికి షిప్పింగ్ అవసరం లేదని గుర్తు పెట్టడం మరిచిపోకండి.

2. జోన్లు గీయండి

ఒకే రేట్లు, ఒకే సర్వీసులు వర్తించే ప్రాంతాల గుంపే జోన్. మొదట్లో మూడు చాలు: దగ్గరి ప్రాంతం, దేశంలో మిగతా ప్రాంతం, రోడ్డు సరిగా లేని లేదా కొరియర్ అదనపు ఛార్జీ వేసే చోట్లు. విదేశాలకు పంపే ఆలోచన ఉంటే దాన్ని విడి జోన్‌గా ఉంచండి. మ్యాప్ చూసి జోన్లు గీయవద్దు, కొరియర్ ఇచ్చిన రేట్ల పట్టికలో ఎక్కడ రేటు మారుతుందో అక్కడే మీ గీత కూడా ఉండాలి.

వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్లలో స్టోర్ నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు వరుస గమనించాలి. అందులో కస్టమర్ అడ్రస్‌ని జోన్ల జాబితాలో పై నుంచి కిందికి పోల్చి చూస్తారు, మొదట సరిపోయిన జోన్ దగ్గరే ఆగిపోతుంది. దేశం మొత్తం ఉన్న జోన్ పైన, కొన్ని పోస్టల్ కోడ్‌లు మాత్రమే ఉన్న చిన్న జోన్ కింద పెడితే ఆ చిన్న జోన్ ఎప్పటికీ పని చేయదు. చిన్నది పైన, పెద్దది కింద ఉండేలా లాగి సర్దండి. పోస్టల్ కోడ్‌లు ఒక్కొక్కటిగా రాయనక్కర్లేదు. మొదటి అంకెలు రాసి నక్షత్రం గుర్తు పెడితే ఆ అంకెలతో మొదలయ్యేవన్నీ కలుస్తాయి, రెండు కోడ్‌ల మధ్య మూడు చుక్కలు పెడితే ఆ మధ్యవన్నీ కలుస్తాయి.

జాబితా అడుగున 'మిగతా ప్రాంతాలు' అనే జోన్ తనంతట తానే ఉంటుంది. అందులో ఏ పద్ధతైనా చేరిస్తే మీరు ఊహించని దేశం నుంచి కూడా ఆర్డర్ పడుతుంది. పంపలేని చోటుకు డబ్బు తీసుకుని తిరిగి ఇవ్వడం కంటే ఆ జోన్‌ని ఖాళీగా ఉంచడం మేలు. జనరల్ సెట్టింగ్స్‌లో ఏయే దేశాలకు పంపుతారో అక్కడే పరిమితం చేయడం ఇంకా మేలు, అప్పుడు అడ్రస్ ఫారంలోనే మిగతా దేశాలు కనిపించవు.

ఆన్‌లైన్ స్టోర్లు నడిపే మరో సర్వీసు షాపిఫైలో, సెట్టింగ్స్‌లోని షిప్పింగ్ విభాగానికి వెళ్తే జోన్లు ప్రొఫైళ్ల (ఒకే షిప్పింగ్ నియమాలున్న సరుకుల గుంపుల) లోపల ఉంటాయి. బరువైన సామాన్లకు వేరే ప్రొఫైల్ చేయడం మంచిదే కానీ, రెండు ప్రొఫైళ్ల సరుకులు ఒకే కార్ట్‌లో పడితే రెండింటి రేట్లూ కూడి వస్తాయి. రెండూ ఒకే పెట్టెలో పట్టే సరుకులైతే కస్టమర్ దగ్గర అనవసరంగా రెండుసార్లు వసూలు చేసినట్టే. అందుకే ప్రొఫైళ్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

3. రేటు పద్ధతి ఎంచుకోండి

పద్ధతులు మూడు: అందరికీ ఒకే ఛార్జీ వేసే ఫ్లాట్ రేటు, బరువును బట్టి మారే స్లాబులు, కొరియర్ సిస్టం నుంచి అప్పటికప్పుడు తెచ్చే లైవ్ రేటు. సరుకులన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఒకే బరువు అయితే ఫ్లాట్ రేటుతో మొదలుపెట్టడమే సుఖం. కస్టమర్‌కి ముందే తెలిసిపోతుంది, చెప్పడమూ తేలిక. గత ఆర్డర్లను తీసుకుని ఒక్కో జోన్‌కి అసలు కొరియర్ ఖర్చు సగటు కట్టి, ప్యాకింగ్ సామగ్రి ఖర్చు కలిపి ఆ అంకె పెట్టండి.

అయితే ఫ్లాట్ రేటును సరుకుల సంఖ్యతో గుణించే పద్ధతి జాగ్రత్తగా వాడాలి. రెండు కప్పులు కలిపి 26 × 15 × 12 పెట్టెలో పట్టిస్తే వాల్యూమెట్రిక్ బరువు 0.936, అంటే కిలో స్లాబే. కిలో రేటు అర కిలో రేటుకి సాధారణంగా రెట్టింపు ఉండదు. మొదటి సరుకుకి పూర్తి ఛార్జీ, తర్వాతి ఒక్కోదానికి కొంచెం చొప్పున కలిపే లెక్క న్యాయంగా ఉంటుంది. వూకామర్స్ ఫ్లాట్ రేటు గడిలో ఇలాంటి లెక్కను నేరుగా రాయవచ్చు. పగిలేవి, పెద్దవి ఉంటే వాటికి షిప్పింగ్ క్లాస్ ఇచ్చి విడి ఛార్జీ పెట్టండి. కార్ట్‌లో రెండు క్లాసులు కలిసినప్పుడు రెండు ఛార్జీలూ వేయాలా, ఖరీదైన క్లాస్ ఒక్కటే చాలా అన్నది కూడా అక్కడే అడుగుతుంది. సరుకులన్నీ ఒకే పెట్టెలో వెళ్తాయంటే రెండోది ఎంచుకోండి.

బరువు స్లాబుల్లో దెబ్బతినేది అంచుల దగ్గర. 0–0.5, 0.6–1 అని రాస్తే 550 గ్రాముల కార్ట్‌కి ఏ రేటూ లేదు, 'షిప్పింగ్ ఆప్షన్లు లేవు' అని వస్తుంది. 0–0.5, 0.5–1 అని రాస్తే సరిగ్గా 500 గ్రాములప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండు రేట్లూ కనిపిస్తాయి, కస్టమర్ చవకదే నొక్కుతాడు. బరువులన్నీ పూర్తి గ్రాముల్లో పెట్టుకుని 0–0.500, 0.501–1.000 అంటూ రాసుకుంటే చిక్కు ఉండదు. ఆఖరి స్లాబ్‌కి పై హద్దు పెట్టకండి. పెట్టారంటే మీ దగ్గర అందరికంటే ఎక్కువ కొనే కస్టమరే ఆర్డర్ చేయలేడు.

లైవ్ రేటు వినడానికి బాగుంటుంది. అది మీరిచ్చిన బరువు, కొలతల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి మొదటి మెట్టు సరిగా చేయనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. పెట్టుకుంటే మూడు విషయాలు చూసుకోండి. ఈ రేట్లు తెచ్చే ప్లగిన్‌లో (స్టోర్‌కి చేర్చుకునే అదనపు సాఫ్ట్‌వేర్‌లో) మీ ఒప్పంద రేట్ల ఖాతా కలిపారా, లేక మామూలు కౌంటర్ రేట్లు వస్తున్నాయా? ప్లగిన్ సరుకులన్నింటినీ కలిపి ప్యాక్ చేస్తున్నట్టు లెక్కిస్తోందా, ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో పెడుతోందా? కొరియర్ సర్వర్ జవాబు ఇవ్వకపోతే చూపడానికి బ్యాకప్ రేటు ఉందా? బ్యాకప్ లేకపోతే అవతలి సర్వర్ ఆగిన ప్రతిసారీ మీ స్టోర్ మూతపడినట్టే. ఇంధన సర్‌ఛార్జి, మారుమూల ప్రాంతాల ఛార్జీ ఆ రేటులో కలిసి వస్తున్నాయో లేదో కూడా ఒక పాత బిల్లుతో పోల్చి చూడండి.

4. ఫ్రీ షిప్పింగ్ హద్దు

షిప్పింగ్ ఉచితమంటే ఖర్చు మీ లాభంలోంచి పోతుందని అర్థం, కాబట్టి హద్దు అక్కడి నుంచే కట్టాలి. లాభం 30 శాతం, కొరియర్ ఖర్చు 120 రూపాయలు అనుకుందాం. 400 రూపాయల ఆర్డర్ మీద లాభం 120, మొత్తం కొరియర్‌కే సరి. 1500 రూపాయల ఆర్డర్ మీద 450లో 120 పోయినా 330 మిగులుతుంది. హద్దును మీ మామూలు ఆర్డర్ విలువ కంటే కాస్త పైన, ఇంకొక సరుకు వేసుకుంటే అందేంత దూరంలో పెట్టండి. మరీ పైన పెడితే ఎవరూ ప్రయత్నించరు. 'మామూలు ఆర్డర్' అంటే ఆర్డర్లను విలువ వరుసలో పేర్చినప్పుడు మధ్యలో పడేది. సగటు తీస్తే రెండు మూడు పెద్ద ఆర్డర్లు దాన్ని పైకి లాగేస్తాయి.

డిస్కౌంట్ కూపన్ వాడాక విలువ హద్దు కిందికి పడితే ఏం చేయాలో ముందే తేల్చుకోండి. వూకామర్స్‌లో కూపన్‌కి ముందు విలువ చూడాలా అన్నదానికి టిక్ పెట్టే చోటు ఉంది. ఇంకో సంగతి, అందులో ఫ్రీ షిప్పింగ్ అందుబాటులోకి వచ్చినా డబ్బు కట్టే ఫ్లాట్ రేటు దానంతటది మాయం కాదు, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. వద్దనుకుంటే దాన్ని దాచే ఏర్పాటు మీరే చేసుకోవాలి. బరువైన సరుకులు, మారుమూల జోన్లు ఈ ఆఫర్‌లోకి రాకుండా చూసుకోండి.

5. పేర్లు, రోజులు

కస్టమర్‌కి రెండు మూడు ఆప్షన్లకు మించి చూపకండి. కొరియర్ సర్వీస్ కోడ్ పేరు అతనికి అక్కర్లేదు, ఎప్పటికి వస్తుందో కావాలి. 'స్టాండర్డ్, 4–7 పని దినాలు' అని రాయండి. ప్యాకింగ్‌కి 1–2 రోజులు, ప్రయాణానికి 3–5 రోజులు కలిస్తే అంత. కొరియర్ చెప్పిన 3–5 మాత్రమే రాసేసి ప్యాకింగ్ రోజులు మరిచిపోవడం వల్లే 'ఇంకా రాలేదు' అనే మెయిళ్లు సగం వస్తాయి. అదే రోజు పంపే ఆప్షన్ ఉంటే, ఎన్ని గంటల లోపు ఆర్డర్ చేస్తే అదే రోజు బయల్దేరుతుందో కూడా చెప్పండి, ఆ సమయం కొరియర్ మనిషి వచ్చే వేళ కంటే కనీసం రెండు గంటలు ముందుండాలి.

6. విదేశాలకు పంపేటప్పుడు

ప్రతి సరుకుకీ హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే సంఖ్య), తయారైన దేశం, అసలు విలువ సిద్ధంగా ఉండాలి. ఈ కోడ్‌లో మొదటి 6 అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఇచ్చినవి, అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఒక్కో దేశానివి. వివరణలో 'బట్టలు' అని రాస్తే పార్సిల్ ఆగే అవకాశం ఎక్కువ, 'నూలు అల్లిక, మగవారి చొక్కా' అని రాస్తే అధికారికి ప్రశ్న మిగలదు. అమ్మిన సరుకును గిఫ్ట్ అని రాయడం తప్పుడు డిక్లరేషన్ కిందికి వస్తుంది, ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

దిగుమతి సుంకం ఎవరు కడతారో చెకౌట్‌లోనే రాయాలి. డీఏపీ అంటే అందుకునేవాళ్లు కడతారు, డీడీపీ అంటే అమ్మేవాళ్లు ముందే కడతారు. ఇది చెప్పకపోతే గుమ్మంలో సుంకం అడిగినప్పుడు కస్టమర్ పార్సిల్ వద్దంటాడు, తిరుగు ప్రయాణం ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. లిథియం బ్యాటరీ ఉన్న సరుకులకు విమాన రవాణాలో ప్రత్యేక నియమాలున్నాయి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. పరికరం లోపల ఉన్నవాటికి నియమాలు వేరు. అలాంటి సరుకులున్న విదేశీ జోన్ తెరిచే ముందు కొరియర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

7. తెరిచే ముందు పరీక్ష

ఒక్కో జోన్ నుంచి ఒక అసలైన అడ్రస్ తీసుకోండి. ప్రతి అడ్రస్‌తోనూ ఈ కార్ట్‌లు వేసి చూడండి: అన్నిటికంటే తేలికైన సరుకు ఒకటి, అన్నిటికంటే బరువైనవి పది, రెండు క్లాసులు కలిసినవి, ఫ్రీ షిప్పింగ్ హద్దుకి ఒక రూపాయి తక్కువ, సరిగ్గా హద్దు, కూపన్‌తో హద్దు. ఏ జోన్ కిందికీ రాని ఒక అడ్రస్ కూడా ప్రయత్నించి, వచ్చే సందేశం మర్యాదగా, అర్థమయ్యేలా ఉందో లేదో చదవండి. బ్రౌజర్ ప్రైవేట్ విండోలో, ఫోన్‌లో రెండు చోట్లా చేయండి. అంకెలు మార్చినా పాత రేటే కనిపిస్తుంటే అది కాషేలో (తాత్కాలిక నిల్వలో) దాచినది. వూకామర్స్‌లో షిప్పింగ్ డీబగ్ మోడ్ ఆన్ చేస్తే కాషే పక్కకు తప్పుకుంటుంది, పరీక్ష అయ్యాక ఆఫ్ చేయడం మరవకండి.

8. బిల్లు చూడండి

కొరియర్ బిల్లులోని ఒక్కో పార్సిల్‌కీ మూడు అంకెలు పక్కపక్కన పెట్టండి: కస్టమర్ కట్టినది, మీరు లెక్కించిన బరువు, వాళ్లు వేసిన బరువు. వాళ్లు ఎక్కువ బరువు వేశారనిపిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది కానీ గడువు తక్కువగా ఉంటుంది, అందుకే నెలాఖరు దాకా ఆగకుండా వారం వారం చూడాలి. అభ్యంతరం నిలవాలంటే సాక్ష్యం కావాలి: పార్సిల్ తూకం మీద ఉండగా అంకె, లేబుల్ రెండూ కనిపించే ఫోటో ఒకటి, మూడు వైపులా టేపు ఆనించి తీసిన ఫోటోలు మూడు. ఖరీదైన లేదా స్లాబ్ అంచున ఉన్న ప్రతి పార్సిల్‌కీ ఈ నాలుగు ఫోటోలు తీసి, ఆర్డర్ నంబర్ పేరుతో దాచండి.